రత్నం, భూషణం, సేవ

ఏటా జనవరి 25 సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా వెలువడుతుంది. మర్నాటి పేపర్లలో మనవాళ్ళకెన్ని వచ్చాయి, ఎవరికి వచ్చాయి, రావలసి ఉండీ ఎవరికి రాలేదు అన్న చర్చ మొదలవుతుంది. అందులో స్త్రీలెందరని లెక్క తీసేవాళ్ళూ ఉంటారు. ఆ లెక్క తీయాల్సిందే. కానీ లెక్క దగ్గరే ఆగిపోతే, ఆ గౌరవాన్ని ఏ మాటలతో ఇస్తున్నారన్నది మన కంట పడకుండా పోతుంది. కవితలోనో నవలలోనో స్త్రీని రత్నమనీ, భూషణమనీ, సేవామూర్తి అనీ అంటే ఊరుకోని స్త్రీవాద విమర్శ, అవే మాటలు రాష్ట్రపతి సంతకంతో వచ్చినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. అది సాహిత్యం కాదు కదా అనుకున్నామేమో. రాజ్యం రాసేది కూడా పాఠమే. దాన్నీ చదవాలి.

ఈ పాఠానికి ఒక తొలి ప్రతి ఉంది. 1954 జనవరి 2న కేంద్ర ప్రభుత్వం రెండు పురస్కారాలు నెలకొల్పింది: భారతరత్న, పద్మవిభూషణ్. రెండోదాంట్లో మూడు మెట్లు. వాటి పేర్లు పహెలా వర్గ్, దూస్రా వర్గ్, తీస్రా వర్గ్. రైలుపెట్టెలకీ పరీక్ష ఫలితాలకీ ఉన్నట్టే మొదటి తరగతి, రెండో తరగతి, మూడో తరగతి. ఆ ఏడు భారతరత్న ముగ్గురికిచ్చారు: రాజగోపాలాచారి, సర్వేపల్లి రాధాకృష్ణన్, సి.వి. రామన్. పహెలా వర్గ్ ఆరుగురికిచ్చారు. తొమ్మిదిమందీ పురుషులే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మికి వచ్చింది దూస్రా వర్గ్. ఆ గొంతుకి రెండో తరగతి! ఏడాది తిరిగేసరికి, 1955 జనవరి 8న, ఈ తరగతుల పేర్లు తీసేసి పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని మార్చారు.

ఎందుకు మార్చారో ఊహించడం కష్టం కాదు. అందరూ సమానమని అంతకు నాలుగేళ్ళ కిందటే రాసుకున్న దేశం మనుషుల్ని తరగతులుగా విడదీసి పతకాలివ్వడం వినడానికి బాగుండదు. పేర్లు మారాయి, మెట్లు మారలేదు. మొదట అంకెలో కనబడినదే తర్వాత సంస్కృతంలో దాక్కుంది. భూషణ్ కంటే విభూషణ్ ఎక్కువని చెప్పేది 'వి' అనే ఒక్క ఉపసర్గ. మామూలు తెలుగు చెవికైతే ఈ మూడింటిలో శ్రీయే పెద్దదిగా వినిపిస్తుంది. శ్రీ అంటే సాక్షాత్తూ లక్ష్మి, మిగతా రెండూ నగలు. ప్రభుత్వం లెక్కలో మాత్రం లక్ష్మిది కింది మెట్టు.

ఈ నగల సంగతి కొంచెం చూద్దాం. రత్నం, భూషణం అనే మాటలు తెలుగులో ఎవరికి అలవాటు? కన్యారత్నం అంటాం, స్త్రీరత్నం అంటాం. ఆడదానికి సిగ్గే సింగారం అని సామెత చెబుతాం. రత్నానికి విలువ ఉంటుంది, కానీ ఆ విలువ అది కట్టుకోదు, ఎవరో పరీక్షించి కడతారు. భూషణానికి అందం ఉంటుంది, కానీ ఒక ఒంటిమీదకి ఎక్కినప్పుడే. రెండు మాటల వెనకా ఒక స్వంతదారు నిలబడి ఉంటాడు. భారతరత్న అన్న సమాసాన్ని విడదీస్తే భారతదేశం యొక్క రత్నం. ఆ దేశాన్ని మనం తల్లిగా బొమ్మ వేసుకున్నాం, పట్టుచీర కట్టాం, కిరీటం పెట్టాం. కాబట్టి ఈ పురస్కారాల వెనకున్న చిత్రం ఒక స్త్రీమూర్తి, ఆమె ఒంటిమీద నగలు. 2024 నాటికి ఆ రత్నాలు 53. అందులో స్త్రీలు ఐదుగురు. మొదటి స్త్రీకి 1971 దాకా చోటు దొరకలేదు. దొరికిన స్త్రీ అప్పటికి ప్రధానమంత్రిగా ఉన్న ఇందిరాగాంధీ. తర్వాత 1980లో మదర్ తెరెసా, 1997లో మరణానంతరం అరుణా అసఫ్ అలీ, 1998లో సుబ్బులక్ష్మి, 2001లో లతా మంగేష్కర్. ఆ తర్వాత ఈ వరసలో స్త్రీ పేరు లేదు. తల్లి ఆడది, ఆమె నగలు మగవాళ్ళు. స్త్రీని దేశానికి ప్రతీక చేసి, దేశంలో భాగం మాత్రం పంచకపోవడం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. ఇంత పొదుపుగా చెప్పే ఉదాహరణ ఇంకొకటి నాకు కనబడలేదు.

అయితే నగ అనగానే స్త్రీకే అంటగట్టారని వాదించడం తొందరపాటు. తెలుగునాట కవి కాలికి గండపెండేరం తొడగడం పాత మర్యాద. పెద్దన కథ మనకి చిన్నప్పటినుంచీ తెలుసు. కనకాభిషేకాలు చేయించుకున్నదీ మగవాళ్ళే. గండపెండేరం సభలో గెలిచినవాడి గుర్తు. మరి స్త్రీ రాస్తే? 1934లో తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణం కనుపర్తి వరలక్ష్మమ్మకు వచ్చింది. మద్రాసు నుంచి కె.ఎన్. కేసరి నడిపిన గృహలక్ష్మి పత్రిక రచయిత్రులకిచ్చిన గౌరవం అది. ఆమె శారదలేఖలు వచ్చిన పత్రిక కూడా అదే. ఇక్కడ నగ గాజు, దాన్ని ఇచ్చే పత్రిక పేరు గృహలక్ష్మి. రాసే చేతికి కంకణం తొడిగారనుకుంటే ముచ్చటగానే ఉంటుంది, ఇల్లు దాటకుండా తొడిగారనుకుంటే ఇరుకుగా ఉంటుంది. నాకు రెండూ అనిపిస్తాయి. కానీ ఆ కంకణంలో ఒక నిజాయితీ ఉంది. ఇచ్చిందెవరో తెలుసు, ఎందుకిచ్చారో తెలుసు, రాసినందుకిచ్చారు. సేవ చేసినందుకు కాదు.

బిరుదుల్లో తేడా ఇంకా స్పష్టం. మగ కవులకు సార్వభౌములు, సమ్రాట్టులు, చక్రవర్తులు. స్త్రీలకు తిలకాలు. ఈ లెక్కన చూస్తే గణతంత్రం చేసిన మేలు ఒకటుందని ఒప్పుకోవాలి. అది ఎవర్నీ చక్రవర్తి అనలేదు, అందరికీ నగ పేరే పెట్టింది. 1970లో కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణకూ, నవయుగ కవి చక్రవర్తి జాషువాకూ పద్మభూషణ్ ఒకేసారి వచ్చింది. ఊరి మధ్యలోంచి ఒకరు, ఊరి బయటినుంచి ఒకరు. ఇద్దరు రాజుల్నీ ఒకే నగగా మార్చి పక్కపక్కన పెట్టిన జాబితా అది. ఆ మాట వరకు నాకు ఇష్టమే.

ఈ నగలకు ముందు ఇంగ్లీషువాళ్ళ కాలంలో బహద్దూర్లుండేవారు. రావు సాహెబు, రావు బహద్దూరు, దివాన్ బహద్దూరు. మొగలుల నుంచి తీసుకున్న వీరుల మాటని కలెక్టరాఫీసు గుమాస్తాలకీ వకీళ్ళకీ పంచిపెట్టారు. బహద్దూర్‌కి స్త్రీలింగం లేదు. స్త్రీలకోసం విక్టోరియా రాణి 1878లో క్రౌన్ ఆఫ్ ఇండియా అని వేరే ఒకటి పెట్టింది. అది మహారాణులకీ, గవర్నర్ల భార్యలకీ. అంటే ఫలానావారి భార్య అయినందుకో, కూతురైనందుకో గౌరవం. కింది మెట్టులో ఇదే పని 'లేడీ' అన్న మాట చేసేది. భర్త 'సర్' అయితే భార్య 'లేడీ'. మద్రాసు సేవాసదన్‌ను నడిపిన ఆండాళమ్మ అసలు పని ఏమిటో తెలియనివాళ్ళకు కూడా చెన్నైలో 'లేడీ ఆండాళ్' బడి తెలుసు. భర్త, హైకోర్టు న్యాయమూర్తి సర్ ముత్తా వెంకటసుబ్బారావు. ఆయన 'సర్' చరిత్ర పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది, ఆమెకు ఆయన ద్వారా వచ్చిన 'లేడీ' ఇప్పటికీ బడి గోడమీద ఉంది.

ఈ బిరుదుల రాజ్యం సాహిత్యంలో ఏం చేసిందో చెప్పడానికి ముద్దుపళని ఉదంతం కంటే మంచిది లేదు. కందుకూరి వీరేశలింగం 1893లో రావు బహద్దూర్ అయ్యారు. ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని ఈసడించింది ఆయనే. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి, ఆయన అభ్యంతరాలకు పీఠికలో సమాధానం చెప్పి 1910లో అచ్చువేయించింది. 1911లో ప్రభుత్వం ఆ ప్రతుల్ని జప్తు చేయించింది. నిషేధం 1947 దాకా తొలగలేదు. రావు బహద్దూర్ బిరుదిచ్చిన ప్రభుత్వమూ, నాగరత్నమ్మ పుస్తకం పట్టుకుపోయిన ప్రభుత్వమూ ఒకటే. ఏది సంస్కారం, ఏది బూతు అని తేల్చే అధికారమే బిరుదునూ ఇస్తుంది, జప్తునూ చేస్తుంది. వీరేశలింగం సంస్కరణోద్యమాన్ని తక్కువ చెయ్యడానికి ఇది చెప్పడం లేదు. ఆ బిరుదు ఆయన పేరుకు అతుక్కుని వచ్చినట్టు, నాగరత్నమ్మ పేరుకు ఆ కాలపు రాజ్యం అతికించింది అశ్లీలమన్న ముద్ర. అందుకే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ అనుభవం ఉన్నవాళ్ళు రాజ్యాంగం రాశారు కాబట్టే 18వ అధికరణ ఉంది. దాని శీర్షిక బిరుదుల రద్దు. సైనిక, విద్యా విశిష్టతలు తప్ప రాజ్యం ఎవరికీ ఏ బిరుదూ ఇవ్వకూడదు. ఆ సభలో కూర్చున్న పదిహేనుమంది స్త్రీలలో మన దుర్గాబాయి ఒకరు. 1953లో ఆమె పెళ్ళాడిన చింతామణ్ దేశ్‌ముఖ్‌కు 1944లోనే ఇంగ్లీషు ప్రభుత్వం 'సర్' ఇచ్చింది. పాత లెక్కలో ఆమె లేడీ దేశ్‌ముఖ్ కావాలి! బిరుదుల్ని రద్దుచేసిన సభలోని మనిషి. 1975లో ఇద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. భార్యాభర్తలు ఒకే ఏడాది ఒకే మెట్టుమీద, ఎవరి పేరుతో వాళ్ళు. లేడీ నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న సంగతి కాదు. అయినా మన పాఠ్యపుస్తకాల్లో దుర్గాబాయిని ఏమంటారు? సంఘసేవకురాలు. క్రిమినల్ కేసులు వాదించిన వకీలు, రాజ్యాంగసభ సభ్యురాలు, ప్రణాళికా సంఘ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. అన్నీ కలిపి సేవ.

సేవ దగ్గరికి వస్తాను. దానికి ముందు బిరుదు కాని బిరుదు గురించి ఒక్క మాట. బిరుదులు రద్దయ్యాక పద్మశ్రీ ఎలా వచ్చిందన్న ప్రశ్న కొత్తది కాదు. 1969లో జె.బి. కృపలానీ వీటిని ఎత్తెయ్యాలని లోక్‌సభలో బిల్లు పెట్టారు, నెగ్గలేదు. 1977లో జనతా ప్రభుత్వం ఆపేసింది, 1980లో మళ్ళీ వచ్చాయి. 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఇవి బిరుదులు కావు, పురస్కారాలు. అయితే పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించుకోకూడదు. అంటే పద్మశ్రీ ఫలానా అంటే బిరుదు, పద్మశ్రీ పురస్కార గ్రహీత ఫలానా అంటే గౌరవం. రాజ్యాంగ సూత్రం ఒకటి వచ్చి పదాల వరసమీద నిలబడింది! వ్యాకరణం మీద ఇంత భారం ఎప్పుడూ పడి ఉండదు. మనవాళ్ళు ఆ భారాన్ని లెక్కచెయ్యలేదు. ఇద్దరు తెలుగు సినీనటులు పేరు ముందు పద్మశ్రీ వేసుకున్నారన్న వ్యాజ్యం 2013లో హైదరాబాదు హైకోర్టులో నడిచింది. పెళ్ళి శుభలేఖల్లో, సభల కరపత్రాల్లో ఇప్పటికీ పేరు ముందే ఉంటుంది.

స్త్రీల విషయంలో ఈ పదాల వరస ఇంకా తమాషాగా తయారవుతుంది. 'పద్మశ్రీ శ్రీమతి ఫలానా' అని కరపత్రం. సంస్కృతంలో శ్రీ స్త్రీలింగం. దాన్ని మగవాళ్ళు తమ పేర్ల ముందు పెట్టుకున్నారు. శ్రీమతి అంటే శ్రీ కలది అనే. కానీ తెలుగులో 'మా శ్రీమతి' అంటే నా భార్య అని, 'మా శ్రీవారు' అంటే నా భర్త అని అర్థం స్థిరపడిపోయింది. ఆ కరపత్రంలో మొదటి శ్రీ రాజ్యం ఇచ్చింది, రెండోది మొగుడిచ్చింది. మూడోది, అంటే ఆమె పేరు, చిన్నక్షరాల్లో ఉంటుంది. పేర్లమాట వచ్చింది కాబట్టి గుర్తొచ్చింది: సరోజిని అన్నా, పద్మజ అన్నా తామర చుట్టూ తిరిగే పేర్లే. ఇంగ్లీషువాళ్ళిచ్చిన కైసర్-ఇ-హింద్ పతకాన్ని జలియన్‌వాలాబాగ్ తర్వాత సరోజినీ నాయుడు తిప్పి పంపింది. కూతురు పద్మజా నాయుడుకి 1962లో పద్మవిభూషణ్ వచ్చింది. ఒకే హైదరాబాదు ఇల్లు.

ఇక సేవ. పద్మ పురస్కారాల నియమావళిలో విశిష్టమైన పని, సాధన అన్న మాటలున్నాయి. జాతి, వృత్తి, హోదా, స్త్రీపురుష భేదం లేకుండా ఎవరికైనా ఇవ్వవచ్చనీ ఉంది. కానీ మూడు మెట్లనూ వేరుచేసి చెప్పేచోట ఆధారమైన మాట సేవే. అసాధారణ విశిష్ట సేవకు విభూషణ్, ఉన్నతశ్రేణి విశిష్ట సేవకు భూషణ్, విశిష్ట సేవకు శ్రీ. ఈ మాట మగవాడి పక్కన చేరితే సర్వీసు అవుతుంది: ఉద్యోగం, సీనియారిటీ, పింఛను. ఆడదాని పక్కన చేరితే పతిసేవ, అత్తమామల సేవ, రోగుల సేవ అవుతుంది. జీతం లేనిదీ, కొలత లేనిదీ, చేస్తే ఎవరికీ కనబడనిదీ, మానితే మాత్రం అందరికీ కనబడేదీ. ఒకే పత్రం మీద ఒకే మాట రాసినా, అది చేరే చోటును బట్టి దాని బరువు మారుతుంది.

భానుమతీ రామకృష్ణ సంగతి చూడండి. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్, రెండూ కళారంగం కింద. నటి, గాయని సరే. 1953లో చండీరాణికి దర్శకత్వం వహించింది, భరణీ స్టూడియో నడిపింది, అత్తగారి కథలు రాసి తెలుగు హాస్యంలో ఒక అత్తగారిని శాశ్వతంగా కూర్చోబెట్టింది. ఫారంలో గడి ఒకటే. అందులో కథలకీ చోటులేదు, పెట్టుబడి పెట్టి సంస్థ నడిపిన తెలివికీ చోటులేదు.

చింతకింది మల్లేశం ఉదాహరణ ఇంకా లోతైనది. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి చీర నేతకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు తిరుగుతుందని లెక్క చెబుతారు. ఈ పని ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ళదే. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. ఆసు పోసే ఆమెకు వేరే పేరు లేదు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం ఆసుయంత్రం కనిపెట్టాడు, దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అర్హుడికే వచ్చింది, అందులో నాకు పేచీ లేదు. ఆ యంత్రం ఎంతమంది స్త్రీల భుజాలకు ఊరటనిచ్చిందో తెలిసినవాళ్ళెవరూ పేచీ పెట్టరు. నేనడిగేది భాష సంగతి. ఆ కథ చెప్పిన ప్రతిచోటా తల్లి పని నొప్పిగానే కనిపిస్తుంది, నైపుణ్యంగా కనిపించదు. వరస తప్పకుండా, దారం తెగకుండా అన్నివేల సార్లు తిప్పడానికి కంటికీ వేళ్ళకీ మధ్య ఎంత సాధన కావాలి! యంత్రం నేర్చుకోవలసి వచ్చింది ఆమె చెయ్యి చేస్తున్న పనినే. నొప్పికి జాలి దొరికింది, యంత్రానికి పురస్కారం దొరికింది. ఆసుకి ఏమీ దొరకలేదు.

అదే జాబితాలో ఖమ్మం జిల్లా దరిపల్లి రామయ్య కూడా ఉన్నారు. జనం ఆయన్ని వనజీవి రామయ్య అనేవారు, చెట్ల రామయ్య అనేవారు. ఆయనతో కలిసి విత్తులేరి మొక్కలు నాటిన జానమ్మకు అలాంటి పేరు రాలేదు. రామయ్య భార్య అన్నారు.

కోర్టు పేరు ముందు పురస్కారం పెట్టుకోవద్దంది గానీ, పని పెట్టుకోవద్దనలేదు. పక్కనే కర్ణాటకలో జనం అలా పెట్టిన పేర్లున్నాయి. పావగడ ప్రాంతపు సూలగిత్తి నరసమ్మకు 2018లో పద్మశ్రీ వచ్చింది. వేలమందికి డబ్బు తీసుకోకుండా పురుడు పోసిన మనిషి. సూలగిత్తి అంటే కన్నడంలో మంత్రసాని. మరుసటి ఏడాది సాలుమరద తిమ్మక్కకు పద్మశ్రీ. సాలుమర అంటే చెట్ల వరస, రోడ్డు పొడవునా ఆమె పెంచిన మర్రిచెట్లు. ఈ పేర్లకు గెజిట్ అక్కర్లేకపోయింది. ఇంకో సంగతి: ఇలాంటివారికి పురస్కారం వచ్చినప్పుడు మన పేపర్లు మట్టిలో మాణిక్యాలని రాస్తాయి, ఎవరికీ తెలియని మనుషులంటాయి. మళ్ళీ నగ భాషే, పైగా ఊరు మట్టి అయింది! నరసమ్మ ఎవరికి తెలియదు? ఆమె చేతుల్లో కన్న తల్లులకు తెలుసు, ఆ పిల్లలకు తెలుసు, అర్ధరాత్రి తలుపు కొట్టిన తండ్రులకు తెలుసు. తెలియనిది ఢిల్లీకి. ఎవరికి తెలియదో చెప్పకుండా 'తెలియని' అనడంలో ఉన్న అధికారాన్ని గమనించాలి.

కాదన్నవాళ్ళ మాటలు కూడా ఈ భాషలో భాగమే. నిజానికి ఈ పురస్కారాలమీద వచ్చిన మంచి విమర్శ అక్కడే ఉంది. ప్రకటించేముందు ఫోనులో అడుగుతారు, వద్దంటే సాధారణంగా పేరు జాబితాలో ఉండదు. అందుకే వద్దన్న స్త్రీ బయటికి చెబితే తప్ప ఆ తిరస్కారం చరిత్రకెక్కదు. రొమిలా థాపర్ 1992లోనూ 2005లోనూ పద్మభూషణ్ వద్దన్నారు. తన వృత్తికి సంబంధించిన సంస్థల నుంచీ విద్యాసంస్థల నుంచీ తప్ప గౌరవాలు తీసుకోనన్నారు. అంటే నా పని విలువ తెలిసినవాళ్ళే దాన్ని కొలవాలని. కృష్ణా సోబ్తీ 2010లో వద్దన్నారు, రచయిత అధికారానికి దూరంగా ఉండాలన్నారు. పంజాబీ నవలాకారిణి దలీప్ కౌర్ తివానా 2015లో, దేశంలో పెరుగుతున్న మతవిద్వేషానికి నిరసనగా, తీసుకున్న పద్మశ్రీని తిప్పి ఇచ్చేశారు.

ఈ మూడూ మనకి సులభంగా నచ్చుతాయి, ఎందుకంటే సిద్ధాంతం భాషలో ఉన్నాయి. నాకు వీటికంటే ముఖ్యంగా తోచేది ఎస్. జానకి చెప్పిన కాదు. గుంటూరు సీమలో పుట్టి దక్షిణాది భాషలన్నిటిలో వేల పాటలు పాడిన మనిషి 2013లో పద్మభూషణ్ వద్దంది. ఆలస్యంగా వచ్చిందంది, దక్షిణాది కళాకారుల్ని చిన్నచూపు చూస్తున్నారంది, నాకు భారతరత్న తక్కువైతే తీసుకోనంది. అప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. అహంకారమన్నారు. 2022లో బెంగాలీ గాయని సంధ్యా ముఖోపాధ్యాయ్ తొంభై ఏళ్ళ వయసులో పద్మశ్రీ వద్దన్నప్పుడూ ఇంచుమించు ఇదే. ఎనభై ఏళ్ళకు దగ్గరగా పాడిన మనిషికి ఇప్పుడు ఇదా అని. రొమిలా థాపర్ మాటను ఆదర్శమని, జానకి మాటను అహమని ఎందుకన్నాం? థాపర్ ఆ తూకం తన వృత్తికి చెందినవాళ్ళే వెయ్యాలంది. జానకి తూకంలోనే నిలబడి మీ రాయి తప్పు అంది. రత్నం తన విలువ తనే చెప్పడం ఈ నగల భాషలో ఎక్కడా లేదు. భూషణం నేను విభూషణాన్ని కూడా కాదు, దానికంటే పైదాన్ని అంటే వినేవాళ్ళకు కంపరం పుడుతుంది. వినయం ఆ గౌరవంలో రాయని షరతు. ఆ షరతును బయటపెట్టింది విశ్వవిద్యాలయపు మనిషి కాదు, సినిమాలకు పాడే మనిషి. మన విమర్శ ఆమె పక్షాన ఒక్క వాక్యమైనా రాసి ఉండవలసింది.

ఇదంతా చర్చకోసం చర్చ కాదు. 2017 పురస్కారాల నుంచీ ఆన్‌లైన్‌లో ఎవరైనా ఎవరి పేరైనా పంపవచ్చు, తన పేరు తనే పంపుకోవచ్చు. దానికి ఎనిమిది వందల మాటలకు మించకుండా వివరం రాయాలి. అంటే ఈ భాషను రాసే పని ఇప్పుడు మన చేతికీ వచ్చింది. ఈ మధ్య మా జిల్లాలో కొందరు మిత్రులు ఎనభై దాటిన ఒక కథారచయిత్రి పేరు పంపాలనుకున్నారు. చిత్తుప్రతి ఒకరు రాసి చూడమని నాకిచ్చారు. మంచి మనసుతో రాసిందే. మొదటి వాక్యం: 'గృహిణిగా తన బాధ్యతలన్నీ నిర్వర్తిస్తూనే శ్రీమతి ఫలానా అరవై ఏళ్ళుగా సాహితీసేవ చేస్తున్నారు.' విశ్వనాథ గురించి ఎవరైనా 'భర్తగా తన బాధ్యతలన్నీ నిర్వర్తిస్తూనే' అని రాశారా అనడిగాను. నవ్వారు, ఆ భాగం కొట్టేశారు. నిరాడంబరురాలు, త్యాగమయి అన్నవి కూడా పోయాయి. వాటి స్థానంలో కథాసంపుటాల పేర్లు, ఏ కథ మీద ఏ చర్చ జరిగిందో, ఆమె కథల్లో వంటింటి భాష తెలుగు వచనానికి ఏం చేసిందో రాశాం. ఎనిమిది వందలు సరిపోలేదు.

ఆ కాగితం ఆమెకు చూపించాం. ఆమె చదివి రెండు చోట్ల పెన్సిలుతో గీత పెట్టింది, శ్రీమతి దగ్గర ఒకటి, సేవ దగ్గర ఒకటి. శ్రీమతిని తీసెయ్యడం తేలికే. సేవ దగ్గర చిక్కొచ్చింది. వాళ్ళ నియమాల్లోనే ఆ మాట ఉంది కదమ్మా, తీసేస్తే బాగుండదేమో అన్నారు మిత్రులు. కృషి అని పెడదామన్నారొకరు. సాధన అన్నారు ఇంకొకరు. పని అని రాయండి అందామె. పని అంటే మరీ చిన్నగా ఉంటుందని ఒక పెద్దాయన గొణిగారు. నియమావళిలో ఆ మాట కూడా ఉందని తీసి చూపించాను. ప్రస్తుతానికి చిత్తుప్రతిలో పని అనే ఉంది. పైకి పంపేముందు ఎవరైనా మారుస్తారేమోనని శుద్ధప్రతి నా దగ్గరే పెట్టుకున్నాను.